పిలిస్తే పలికే పేరు: పెంపుడు కుక్కకు పేరు ఎంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

కుక్కపిల్ల ఇంటికి రాగానే విశాఖపట్నంలో తెలిసినవారందరూ అడిగేది ఒకటే: "మంచి పేరొకటి చెప్పండి." వంద పేర్ల పట్టిక ఇచ్చి పంపించడం తేలికే. కానీ మీ ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు "రా" అంటారో, పక్క ఫ్లాట్‌లోని పిల్లవాడిని ఏమని పిలుస్తారో ఆ పట్టికకు తెలియదు. అందుకే ఇక్కడ పట్టిక లేదు. పేరును ఎలా వెతకాలో, ఎలా వడపోయాలో, ఎలా అలవాటు చేయాలో వరుసగా ఉంది.

కుక్కకు పేరు ఒక చప్పుడు మాత్రమే. దాని అర్థం, అందం, వెనక ఉన్న కథ మనుషుల కోసం. కాబట్టి ముందు చెవి పరీక్ష, ఆ తర్వాతే అర్థం సంగతి. చాలా ఇళ్లలో ఈ వరుస తిరగబడుతుంది. అందరికీ ముచ్చటగా ఉన్న పేరు ఖాయం చేస్తారు, నెల తిరిగేసరికి "ఎంత పిలిచినా రావడం లేదు" అంటారు.

1. పేరు వెతకడానికి ముందు

తొందరపడవద్దు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే మీ చేతికి వచ్చేసరికి దానికి కనీసం రెండు నెలలు ఉండాలి. ఆ వయసులో రెండు మూడు రోజులు పేరు లేకుండా గడిస్తే నష్టమేమీ లేదు.

అసలు నష్టం వేరే చోట ఉంది. ఆ రెండు మూడు రోజుల్లో నాయనమ్మ "బుజ్జి" అంటుంది, పిల్లలు "పప్పీ" అంటారు, ఇంటాయన "ఒరేయ్" అంటాడు. మీరు కుటుంబ సభ జరిపి పేరు ఖాయం చేసేసరికి కుక్క "బుజ్జి" అంటే పలకడం మొదలుపెట్టి ఉంటుంది. పేరు తేలేవరకు నాలుకతో చప్పుడు చేసో, చిటిక వేసో పిలవాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఈలోగా ఒక కాగితం మీద మూడు జాబితాలు రాయండి. ఇదే అసలు పని. దీన్ని దాటేస్తే కిందివన్నీ గాలిలో లెక్కలే.

మొదటి జాబితా, ఆజ్ఞలు. కుక్కకు నేర్పబోయే మాటలు ఏ భాషలో ఉంటాయో ముందే తేల్చుకోండి. "రా, కూర్చో, ఆగు, వద్దు, పద" అంటారా, "కమ్, సిట్, స్టే, నో" అంటారా? ఏదైనా ఫరవాలేదు. తండ్రి ఒకలా, కొడుకు ఒకలా అంటే మాత్రం కుక్క ఇద్దరి మాటా వినదు.

రెండో జాబితా, ఇంట్లో రోజూ గట్టిగా వినిపించే మాటలు: కాఫీ, టిఫిను, పాలు, తాళాలు, మోటారు, లిఫ్టు. కుక్క పక్కనే ఉండగా పదిమార్లు వినబడే ఏ మాటయినా ఇందులో చేర్చండి.

మూడో జాబితా, మనుషుల పేర్లు. ఇంట్లోవాళ్లు, తరచూ వచ్చే బంధువులు, పనికి వచ్చే ఆమె, వాచ్‌మన్, ఇరుగుపొరుగు, వాళ్ల పిల్లల ముద్దుపేర్లు. అపార్టుమెంటులో ఉంటే అదే మెట్లదారిలో ఉన్న ఇతర కుక్కల పేర్లు కూడా.

2. చెవికి తగిన పేరు

*రెండు అక్షరాలు, మించితే మూడు*

ఒక్క అక్షరం పేరు (జో, బో, మే) ఆజ్ఞలా వినిపిస్తుంది. నాలుగక్షరాల పేరు మీరే సగానికి నరికేస్తారు. "చంద్రముఖి" అని పెట్టినవారు వారం తిరగకుండా "చంద్రీ" అంటారు, ఇంకొకరు "ముఖీ" అంటారు. పెద్ద పేరు మీద మనసుపడితే కాగితాల కోసం అది ఉంచుకొని, పిలుపు పేరు ఏదో మొదటి రోజే తేల్చండి.

*మొదలు గట్టిగా, చివర సాగేలా*

క, గ, ట, డ, ప, బ లాంటి అక్షరాలతో మొదలయ్యే పేరు చటుక్కున చెవిన పడుతుంది. స, శ, హ, వ లతో మొదలయ్యే పేర్లు ఫ్యాను హోరులో మెత్తగా కరిగిపోతాయి. ఇది శిలాశాసనం కాదు. "సోనూ" అని పిలిస్తే పరుగెత్తుకొచ్చే కుక్కలు ఊరినిండా ఉన్నాయి. రెండు పేర్ల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు ఈ కొలతతో తేల్చుకోండి, అంతే.

చివరి అక్షరం మాత్రం తెలుగువారికి ముఖ్యం. దూరంగా ఉన్నవారిని పిలిచేటప్పుడు మనం చివరి అచ్చును సాగదీస్తాం: రాజూ, సీతా, లక్ష్మీ. కుక్కనూ అలాగే పిలుస్తాం. హల్లుతో ఆగిపోయే పేరును మన నోరు ఊరుకోనివ్వదు. "మ్యాక్స్" కాస్తా మేడమీద నుంచి "మ్యాక్సూ" అవుతుంది, "టామ్" "టామూ" అవుతుంది. ఇంట్లో ఒక పేరు, వీధిలో ఇంకో పేరు. మొదటి నుంచే అచ్చుతో ముగిసే పేరు పెట్టుకుంటే దగ్గర పిలుపూ దూరపు పిలుపూ ఒకేలా ఉంటాయి.

*ఆజ్ఞలతో తగాదా*

ఇక మొదటి జాబితా తీయండి. పేరు ఏ ఆజ్ఞతోనూ ప్రాస కలపకూడదు, ఒకే అక్షరంతో మొదలుకాకూడదు.

- "రా" అనే ఇంట్లో: రాజా, రాణి, రాము, రాకీ, రాంబో
- "కూర్చో" అనే ఇంట్లో: కూపర్, కూకీ
- "వద్దు" అనే ఇంట్లో: ముద్దు
- "తిను" అనే ఇంట్లో: టీనా, టీనూ
- "నో" అనే ఇంట్లో: జో, బో, స్నో
- "సిట్" అనే ఇంట్లో: కిట్టూ, సిడ్
- "డౌన్" అనే ఇంట్లో: బ్రౌనీ

మన ఊళ్లో వీధికొక రాకీ ఉన్నాడు, వాళ్లందరూ చెడిపోయారా అని మీరు అడగవచ్చు. లేదు. కానీ "రాకీ, ఆగు" అన్నప్పుడు మొదటి అక్షరానికే ముందుకు దూకే రాకీలను గమనించండి. ఈపాటికే రాకీ అని పెట్టేసి ఉంటే పేరు మార్చనక్కరలేదు. "రా" తీసేసి "ఇటు" అనో "కమ్" అనో పిలవడం నేర్పండి. ఆజ్ఞను మార్చడం పేరు మార్చడంకన్నా తేలిక.

ఈ జాగ్రత్తకు ఆధారముంది. బుడాపెస్ట్ పరిశోధకులు కుక్కల తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు స్పందనలు నమోదు చేసి, ఆ ఫలితాలను 2020లో ప్రచురించారు. తెలిసిన మాటకూ, దానితో ఏ పోలికా లేని మాటకూ తేడా కుక్కల మెదడు పట్టింది. తెలిసిన మాటలో ఒక్క ధ్వని మార్చి పలికితే మాత్రం ఆ తేడా కనిపించలేదు. అంటే "టీనూ" వేరు, "తిను" వేరు అన్న సూక్ష్మం మీకు స్పష్టం, దానికి కాకపోవచ్చు.

ఇంట్లో ఇప్పటికే ఒక కుక్క ఉంటే ఇదే కారణంతో రెండో పేరు బాగా దూరంగా ఉండాలి. టామీ-జిమ్మీ, చింటూ-బంటీ లాంటి జంటలు వినడానికి ముచ్చటే. అన్నం గిన్నె దగ్గర ఒకరిని పిలిస్తే ఇద్దరూ వస్తారు. మొదటి అక్షరం, అచ్చు, చివర, మూడూ వేరుగా ఉండాలి: "టామీ" ఉన్న ఇంట్లో "గవ్వ" లాగా.

3. మనుషులకు తగిన పేరు

*పిల్లల ముద్దుపేర్లు*

బుజ్జి, చిన్ని, పండు, నాని, చిట్టి, బాబు, కన్నా. ఎం.వి.పి. కాలనీలోనో సీతమ్మధారలోనో ఏ అపార్టుమెంటు మెట్లదారిలోనైనా సాయంత్రం "పండూ!" అని కేక వేసి చూడండి, కనీసం ఇద్దరు పిల్లలు తలుపు తీస్తారు. పిల్లల తల్లులకు అది నచ్చదు. కుక్కకూ గందరగోళమే. పక్కింటి తల్లి తన కొడుకును తిడుతుంటే మీ కుక్క చెవులు వాల్చుకొని మూల చేరుతుంది.

*దేవుళ్లు, ఇలవేల్పులు*

ఉత్తరాంధ్రలో ఈ జాగ్రత్త మరీ అవసరం. సింహాచలం అప్పన్న పేరుతో ఇక్కడ అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాద్రి, అప్పలనరసమ్మ లేని వీధి లేదు. పైడితల్లి, నూకాలమ్మ, కనకమహాలక్ష్మి పేర్లూ అంతే. "అప్పన్న" అని కుక్కకు పెడితే దేవుడి మాట అటుంచి, కూరగాయల బండి అప్పన్నకు రోజూ మనసు కష్టమే. అతను పైకి అనడు, మీరు గమనించరు.

"భైరవ" సంగతి వేరు. కుక్క కాలభైరవుడి వాహనం కాబట్టి ఆ పేరు చాలామంది భక్తితోనే పెడతారు. ఇంట్లో పెద్దలు ఒప్పుకుంటే పెట్టుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. చెప్పు కొరికినప్పుడు "ఒరే భైరవా!" అని అరవడానికి మీ తల్లికి నోరు రాకపోతే ఆమె దాన్ని ఇంకేదో పేరుతో పిలవడం మొదలుపెడుతుంది.

*కించపరిచే పేర్లు*

కులం, మతం, ఊరు, రంగు, శరీరాకృతి గుర్తుకు తెచ్చేవి, గిట్టని బంధువు పేరు, రాజకీయ నాయకుడి పేరు, ఇవేవీ వద్దు. వీటిని హాస్యమనుకునేవారు ఉన్నారు. ఆ హాస్యం పది పన్నెండేళ్లు నడివీధిలో గట్టిగా కేక వేయవలసినదని వారికి తట్టదు.

*భయపెట్టే పేర్లు*

కిల్లర్, డేంజర్, డెవిల్. ఆర్.కె. బీచ్‌లో గొలుసు జారి మీ లాబ్రడార్ ఒక చిన్నపాప వైపు ఆటగా పరుగెత్తిందనుకోండి. వెనక నుంచి మీరు "కిల్లర్! కిల్లర్!" అని అరుస్తూ వస్తున్నారు. ఇక ఆ తండ్రికి మీ కుక్క ఎంత సాధువో వివరించే అవకాశం మీకు దొరకదు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇంటి యజమాని ముందూ ఇదే ఇబ్బంది.

*నోరు తిరగని పేర్లు*

ఈ ఊళ్లో నౌకాదళ కుటుంబాలు, ఉక్కునగరం ఉద్యోగులు, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవారు, ఏజెన్సీ నుంచి పనికి వచ్చేవారు అందరూ పక్కపక్కనే ఉంటారు. మీరు ఊరెళ్లినప్పుడు కుక్కను చూసేది వీరిలో ఒకరే. గ్రీకు దేవుడి పేరు (జియస్) పెట్టామని మీరు మురిసిపోతే వాచ్‌మన్ దాన్ని "జ్యూస్" అని పిలుస్తాడు, తప్పేమీ లేదు. నోట్లో సులువుగా ఆడే పేరు పెట్టకపోవడం మీ పొరపాటు.

*పెరిగాక ఎలా ఉంటుంది?*

రూపాన్ని చూసి పేరు పెట్టేవారు కాస్త ఆగాలి. డాల్మేషియన్ పిల్లలు మచ్చలు లేకుండా తెల్లగా పుడతాయి, మచ్చలు తర్వాత పొడుస్తాయి. జర్మన్ షెపర్డ్ పిల్ల రంగు పెరిగేకొద్దీ మారుతుంది. అరచేతిలో ఇమిడిన లాబ్రడార్ ఏడాది తిరిగేసరికి 30 కిలోలు తూగుతుంది, దాన్ని "చీమా" అని పిలవడం మీకు సరదాగా ఉంటే సరే. తెల్ల స్పిట్జ్‌కు "స్నోయీ" అని పెట్టి భీమిలి ఎర్రమట్టి దిబ్బల వైపు నడకకు తీసుకెళ్లేవారికి వేరే చెప్పనక్కరలేదు.

4. స్థానికంగా వెతికితే

పేర్లు తట్టడం లేదనేవారు ఇంగ్లీషు సినిమాల వైపు చూసేముందు ఒకసారి చుట్టూ చూడండి. మచ్చుకు కొన్నింటిని పై కొలతలతో కొలుద్దాం. పద్ధతి తెలిస్తే మిగతావి మీరే కొలుచుకోగలరు.

*గవ్వ.* రెండక్షరాలు, గట్టి మొదలు, అచ్చుతో ముగింపు. ఏ ఆజ్ఞతోనూ కలవదు. చిన్న జాతి కుక్కకు చక్కగా నప్పుతుంది. నాకు బాగా నచ్చిన పేరు.

*అల.* అందమైన మాటే. కానీ రెండూ మెత్తని ధ్వనులు, గాలిలో నిలవవు. ఇంట్లో "అలా కాదు, ఇలా" అన్న ప్రతిసారీ కుక్క తలెత్తుతుంది. వద్దు.

*కాఫీ.* అరకు కాఫీ రంగు కుక్కకు ఎంతో సరిపోతుందనిపిస్తుంది. ధ్వని కూడా బాగుంది. రెండో జాబితా తీసి చూడండి. ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు "కాఫీ పెట్టనా?" అంటారు? కాఫీ తాగని ఇల్లయితేనే ఈ పేరు.

*బెల్లం.* అనకాపల్లి దగ్గరే కాబట్టి గోధుమరంగు కుక్కకు ఇంతకన్నా ఊరి పేరు దొరకదు. గట్టి మొదలు ఉంది. చివరి సున్నా దూరపు పిలుపులో "బెల్లమూ" అవుతుంది, కాబట్టి మొదటి నుంచీ "బెల్లూ" అని పిలిస్తే సరి.

*జున్ను.* లేత పసుపు రంగు పిల్లకు. రోజూ వంటింట్లో వినపడే మాట కాదు, పలకడం తేలిక. పనికొస్తుంది.

*ముంజ.* వేసవిలో వచ్చిన తెల్లని, గుండ్రని పిల్లకు నప్పుతుంది. తాటిముంజలు అమ్మేవారు వీధిలో కేక వేసే నెలల్లో మాత్రం కాస్త చూసుకోవాలి.

*బొర్రా.* గట్టి మొదలే, కానీ చివర "రా" ఉంది. "రా" మీ ఆజ్ఞయితే పేరు పిలిచిన ప్రతిసారీ రమ్మన్నట్టే.

*బిస్కెట్.* ఎక్కడివారైనా సరే, వద్దు. మీరు బహుమతిగా ఇచ్చే వస్తువూ అదే, పేరూ అదే అయితే కుక్కకు రోజంతా నిరాశే.

5. మిగిలిన మూడు పేర్లకు పరీక్షలు

వడపోత అయ్యాక మూడు పేర్లు మిగలాలి. ఒక్కటే మిగిలితే మీరు ముందే మనసులో ఖాయం చేసుకొని వడపోసినట్టు నటించారన్నమాట.

మేడ పరీక్ష: పైనుంచి వీధిలోకి ప్రతి పేరునూ గట్టిగా పిలవండి. సిగ్గుగా అనిపించిన పేరును కొట్టేయండి. ఇప్పుడు సిగ్గుపడితే తర్వాతా పడతారు, కుక్క తప్పిపోయిన రాత్రి కూడా గొంతు విప్పలేరు.

గుసగుస పరీక్ష: రాత్రి అందరూ నిద్రపోయాక తగ్గు గొంతుతో పిలవండి. కొన్ని పేర్లు అరిస్తేనే పేర్లలా ఉంటాయి.

సముద్రం పరీక్ష: మధ్యాహ్నం దాటాక రుషికొండకో ఆర్.కె. బీచ్‌కో వెళ్లండి. ఆ వేళ గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది. ఇంట్లో ఒకరిని నీటి వైపు ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి, గాలికి ఎదురుగా మూడు పేర్లూ పిలవండి. ఏది వినబడిందో వాళ్లనే చెప్పమనండి. మెత్తని పేర్లు ఇక్కడే రాలిపోతాయి. 2019లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో కుక్కలు వెనక మోతతో సమానమైన గట్టితనంలో పిలిచినా తమ పేరు పోల్చుకున్నాయి. మోత పేరును మించితే మాత్రం పోల్చుకోలేకపోయాయి. గొంతు అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి ఇంట్లో అందరికన్నా చిన్న గొంతు ఎవరిదో వారితోనే ఈ పరీక్ష చేయించండి.

పెద్దల పరీక్ష: ఇంట్లో అందరికన్నా పెద్దవారితో పదిసార్లు అనిపించండి. పదోసారికి పేరు మారిపోతే మారిన పేరునే పెట్టుకోండి. ఎలాగూ గెలిచేది అదే.

కోపం పరీక్ష: ప్రేమగా ఒకసారి, విసుగ్గా ఒకసారి పలకండి. రెండు విధాలా ఒకే పేరులా వినిపించాలి.

తర్వాత ఇంట్లో ఓటు వేసుకోండి. ఎవరు గెలిచినా ఆ రోజు నుంచి అందరి నోటా అదే పేరు రావాలి. పిల్లలు అలిగితే వాళ్ల పేరును టీకా పుస్తకంలో ఇంటిపేరులా రాయించండి, పని జరుగుతుంది.

6. పేరు అలవాటు చేయడం

మంచి పేరు పెట్టి నేర్పకుండా వదిలేసేవారే ఎక్కువ. కుక్కకు పేరు దానంతట అది రాదు. పేరు వినబడితే మంచి జరుగుతుందని దానికి పదేపదే రుజువు కావాలి.

కావలసినవి: ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు, శనగగింజంత ముక్కలుగా. ఉప్పూ కారం వద్దు. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషమే, పొరపాటున కూడా దగ్గర పెట్టవద్దు.

1. టీవీ ఆపేసి తలుపు మూసిన గదిలో కూర్చోండి. భోజనానికి ముందు వేళ అయితే మంచిది.
2. కుక్క మీ వైపు చూడనప్పుడు పేరు ఒక్కసారి, హుషారుగా పలకండి.
3. చెవి కదిపినా, తల తిప్పినా వెంటనే "శభాష్" అని ముక్క పెట్టండి. చూపు, మెచ్చుకోలు, ముక్క మూడూ రెండు సెకన్లలో అయిపోవాలి.
4. చూడకపోతే మళ్లీ పిలవకండి. చిటిక వేసి దృష్టి మళ్లించి, కాస్త ఆగి మొదటి నుంచి మొదలుపెట్టండి.
5. ఎనిమిది పదిసార్లకు ఆపేయండి. రోజుకు రెండు మూడు విడతలు చాలు. విసుగు పుట్టేదాకా లాగవద్దు.
6. ఆ గదిలో ప్రతిసారీ తిరుగుతుంటే ఇంకో గది, తర్వాత వరండా, తర్వాత మెట్లదారి.
7. ఇంట్లో ఒక్కొక్కరూ విడిగా ఇదే చేయాలి. ఒకరి గొంతుకే పలికే కుక్క ఆ ఒక్కరూ లేని రోజు ఎవరికీ పలకదు.
8. చివరగా బయట, పొడవాటి తాడు కట్టి. మొదట తెల్లవారుజామున ఖాళీ వీధిలో, తర్వాత పార్కులో, ఆ తర్వాతే బీచ్‌లో.

ఆరో మెట్టు దాటకుండా ఎనిమిదికి దూకడం అందరూ చేసేదే. ఇంట్లో చక్కగా పలికే కుక్క బీచ్‌లో పలకకపోతే అది మొండితనం కాదు. అలలు, వేయించిన చేపల వాసన, పీతలు, పరుగెత్తే పిల్లల మధ్య ఆ చప్పుడును ఏరుకోవడం దానికి ఇంకా రాలేదు. ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

టీకాలు పూర్తికాని పిల్లను బీచ్‌కూ పార్కుకూ తీసుకెళ్లి నేలమీద వదలవద్దు. అప్పటివరకు మేడమీదే బడి.

7. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*పిలిస్తే పారిపోతుంది.* పేరు పిలిచి స్నానానికో మందు వేయడానికో పట్టుకుని ఉంటారు. ఇకమీదట అలాంటి పనులకు పిలవకండి, మీరే దగ్గరకు వెళ్లి పట్టుకోండి. రెండు వారాలపాటు పేరు వెనక తిండి, ఆట తప్ప ఇంకేదీ రాకూడదు.

*పదిసార్లు పిలిస్తే పదోసారి వస్తుంది.* మీరు నేర్పింది అదే. పదోసారి గొంతు పెంచుతారని దానికి తెలుసు. ఇప్పటి నుంచి ఒక్కసారే పిలిచి, రాకపోతే తాడు మెల్లగా సవరించి దగ్గరకు తెచ్చుకొని ముక్క పెట్టండి.

*పేరును తిట్టుగా వాడటం.* చెప్పు కొరికితే "వద్దు" అనండి, పేరు వద్దు. తప్పు జరిగిన చోట పేరు వినబడటం మొదలైతే ఆ పేరు పాడైనట్టే.

*ముద్దుపేర్లు పెరిగిపోవడం.* టైగర్ కాస్తా టైగూ, గూగూ, గుగ్గిలం అవుతుంది. మొదటి మూడు నెలలు ఒకే పేరు. కుక్కకు గట్టిగా అలవాటయ్యాక ముద్దుపేర్లతో నష్టం లేదు, రమ్మనడానికి మాత్రం అసలు పేరే వాడండి.

*కుక్క గురించి మాట్లాడటంలోనే పేరు అరిగిపోవడం.* ఫోనులో చుట్టాలతో గంటసేపు "మా జున్ను ఇలా, మా జున్ను అలా" అంటుంటే, మొదట తలెత్తిన కుక్క తర్వాత పట్టించుకోవడం మానేస్తుంది. పక్కన ఉన్నప్పుడు "వీడు", "ఇది" అనండి.

*ఏ పేరుకూ పలకడం లేదు.* చెవులు పరీక్షించండి. కుక్క నిద్రలో ఉన్నప్పుడు వెనక నుంచి, గాలి తగలనంత దూరంలో తాళాల గుత్తి ఆడించండి. చెవి కూడా కదపకపోతే పశువైద్యుడికి చూపించాలి. డాల్మేషియన్లలో, ఒళ్లంతా తెల్లగా ఉన్న కొన్ని జాతుల్లో పుట్టు చెవుడు మిగతావాటికన్నా ఎక్కువ. చెవిటి కుక్కకు పేరు బదులు చేతి సైగ నేర్పండి. పై మెట్లే, పిలుపు స్థానంలో సైగ, చీకట్లో టార్చి వెలుగు.

8. పాత పేరు మార్చాలంటే

పెద్ద కుక్కను దత్తత తీసుకున్నవారు, వీధికుక్కను ఇంట్లో పెట్టుకున్నవారు ఎక్కువగా అడిగే సంగతి ఇది. మార్చవచ్చు. వయసు అడ్డు కాదు.

పాత పేరుతో దానికి మంచి జ్ఞాపకాలే ఉంటే దగ్గరి ధ్వని ఉన్న పేరు చాలు. బ్రూనోను "బూనీ" అంటే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పాత పేరు వినగానే తోక ముడుచుకుంటే, వంగిపోతే, ఒక్క అక్షరం కూడా కలవని కొత్త పేరు పెట్టి పాతదాన్ని ఆ రోజే వదిలేయండి.

మామూలుగా మార్చే వరుస ఇది:

1. మొదటి వారం: కొత్త పేరు, వెంటనే పాత పేరు, తర్వాత ముక్క. కొత్తదే ముందు రావాలి.
2. కొత్త పేరుకే తల తిప్పడం మొదలయ్యాక పాతదాన్ని అప్పుడప్పుడూ మాత్రమే జోడించండి.
3. ఆ తర్వాత కొత్తదొక్కటే.

వీధిలో అందరూ అన్నం పెట్టే కుక్కకు ఇంటికొక పేరు ఉంటుంది. టీ కొట్టు దగ్గర "కరియా", మీ గేటు దగ్గర "బ్లాకీ", చివరి ఇంట్లో "నల్లమ్మ". అది మూడింటికీ పలుకుతుంది, దాని తెలివి దానిది. దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటున్నట్లయితే ఎక్కువ మంది వాడే పేరునే ఉంచండి. గేటు దాటి వెళ్లినా వీధంతా పిలవగలుగుతుంది.

9. కాగితాల మీద పేరు

నగరంలో పెంపుడు కుక్కకు మహా విశాఖ నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాలి. రేబిస్ టీకా వేయించిన ధ్రువపత్రం అడుగుతారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో మొదలవుతుంది కాబట్టి పేరు ఆలోపే ఖాయమైతే మంచిది. లేకపోతే టీకా పుస్తకంలో ఒకటి, లైసెన్సులో ఒకటి పడతాయి.

జాతి కుక్కకు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం ఉంటే దాని మీద పెంపకందారు కెన్నెల్ (పెంపక కేంద్రం) పేరుతో కలిసిన పొడవాటి పేరు ఉండవచ్చు. అది వంశావళి కోసం. మీ పిలుపు పేరు దానితో కలవనక్కరలేదు, కానీ టీకా పుస్తకం మీద రెండూ రాయించుకోండి.

సరిచూసుకోవలసినవి:

- టీకా పుస్తకం, లైసెన్సు, మైక్రోచిప్ (గుర్తింపు కోసం చర్మం కింద పెట్టించే చిన్న చిప్) నమోదు, మూడింట్లోనూ ఒకే పేరు, ఒకే వర్ణక్రమం.
- మైక్రోచిప్ సంఖ్యలో 15 అంకెలు ఉంటాయి. టీకా పుస్తకం మొదటి పేజీలో రాసి, ఫొటో తీసి ఫోనులో ఉంచండి.
- మెడ బెల్టు ట్యాగ్ మీద ముందు రెండు ఫోను నంబర్లు, పెద్ద అంకెల్లో. కుక్క పేరు వెనక వైపు, చోటుంటేనే.
- ట్యాగ్ చెక్కించేది ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టీలు మీద. సముద్రం దగ్గరి ఇళ్లలో చవక రేకు మీది అంకెలు త్వరగా చెరిగిపోతాయి.
- దీపావళికి వారం ముందు ట్యాగ్ మీద నంబర్లు కనబడుతున్నాయో లేదో చూడండి. టపాకాయలకు బెదిరి పారిపోయే కుక్కలు ఆ రెండు రోజుల్లోనే ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన ఊరు మనది, తుపానులు కూడా ఇంచుమించు ఈ నెలల్లోనే వస్తాయి. అలాంటి హోరులో ఏ పేరూ వినబడదు, పనికొచ్చేది ఫోను నంబరు.
- ఫోను నంబరు మారిన రోజే ట్యాగ్, చిప్ నమోదు, లైసెన్సు మూడూ మార్పించండి.